డాక్టరు చదువు వద్దనుకున్న అమ్మ

మా అమ్మాయి కాన్పుకని సిద్దిపేటకు వచ్చి ఆరు నెలలు కావస్తోంది. ఊయల్లో మనవడు కాళ్లాడిస్తూ ఉంటే ఇల్లు పండగలా ఉంది. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తే మాత్రం ఎవరికీ నోట మాట రావడం లేదు. అమ్మాయి సెలవు ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వెళ్లాలా, మానేయాలా?

ఈ సంగతి మీద మా ఇంట్లో అందరికీ తలా ఒక అభిప్రాయం ఉంది. పిల్లవాడు బడికి వెళ్లేదాకా మానుకుంటే ఏం పోయిందని వియ్యపురాలు ఫోనులో అంటుంది. ఇంత చదివించింది ఇంట్లో కూర్చోబెట్టడానికా అని మా ఆయన. ఇక అల్లుడు మంచివాడే, అన్నిటికీ నీ ఇష్టం అంటాడు. వినడానికి ఆ మాట ఎంతో ఉదారంగా ఉంటుంది. కానీ ఆ మాటతో బరువంతా తన నెత్తినే పడిందని మా అమ్మాయి మొన్న రాత్రి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. బిడ్డ పుట్టింది ఇద్దరికీ. ఉద్యోగం మానాలా అన్న ప్రశ్న మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు.

నన్నూ అడిగింది, నువ్వేమంటావమ్మా అని. నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో చివర చెబుతాను. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు నాకు ఒకావిడ గుర్తుకొచ్చింది. మా అమ్మాయిని ఇంజినీరింగ్ కాలేజీలో చేర్పించిన రోజు నేను ఆమె పేరే చెప్పి పంపించాను. అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో ఇంజినీరింగ్ పట్టా అందుకున్న తొలి మహిళగా పేరొందిన మన తెలుగింటి ఆడబిడ్డ. ఆమె ఇంజినీరు ఎలా అయ్యిందో చాలామందికి తెలుసు. ఎందుకు అయ్యిందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ కారణం నాలుగు నెలల పసిపాప.

పదిహేనేళ్లకు పెళ్లి

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది. ఏడుగురు సంతానంలో అయిదోది. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరు. ఆ ఇంట్లో మగపిల్లలు ఇంజినీర్లయ్యారు. ఆడపిల్లలకు మాత్రం కొద్దిపాటి చదువు చెప్పించి పెళ్లిళ్లు చేశారు. చదువుకున్న ఇల్లే అయినా కాలం అలాంటిది.

లలితకు 1934లో పెళ్లయింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయకూడదన్న శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ లెక్కన ఆమెది చట్టం ఒప్పుకున్న పెళ్లే. పెళ్లయినా పదో తరగతి దాకా, అంటే అప్పటి ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదువు ఆగకుండా తండ్రి చూసుకున్నారు. అంతటితో సంసారం మొదలు.

1937లో పాప పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండాయో లేదో భర్త కన్నుమూశాడు. లలితకు పద్దెనిమిదేళ్లు.

ఆ రోజుల్లో పెద్ద కులాల ఇళ్లలో వితంతువు అంటే ఎలా బతకాలో మన నాయనమ్మలు చెప్పగా వినే ఉంటారు. తల గొరిగించడం, ముతక చీర, ఒంటిపూట భోజనం, శుభకార్యాల్లో ఎదురు రాకూడదు. వితంతు వివాహం చట్టబద్ధమై అప్పటికి ఎనభై ఏళ్లు దాటింది. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి యాభై ఏళ్లు దాటింది. అయినా ఇళ్లలో మార్పు అంత తొందరగా రాలేదు.

లలిత రెండు సంగతులు నిశ్చయించుకుంది. మళ్లీ పెళ్లి చేసుకోను. ఎవరి చేతి కిందా ఉండకుండా నా కాళ్ల మీద నేను నిలబడి పాపను పెంచుకుంటాను. పుట్టింటికి వచ్చేసింది. తండ్రి కాదనలేదు.

పని గంటలు చూసి ఎంచుకున్న చదువు

క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియట్ ఫస్టుక్లాసులో పాసయ్యింది. తరవాత ఏం చదవాలన్నది ప్రశ్న. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్ల అంటే టీచరన్నా కావాలి, డాక్టరన్నా కావాలి. ముత్తులక్ష్మీరెడ్డి గారు 1912లోనే మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై వచ్చారు. ఆ దారిలో నడిచినవాళ్లు అప్పటికే కొందరున్నారు. కాబట్టి లలిత డాక్టరు చదువుతానంటే ఎవరూ వింతగా చూసేవారు కాదు.

కానీ ఆమె ఒడిలో పాపను పెట్టుకుని లెక్క వేసుకుంది. డాక్టరంటే అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వెళ్లాలి. పండగ లేదు, పబ్బం లేదు. తండ్రి లేని పిల్లను నిద్దట్లో వదిలి ఎలా వెళ్తాను? పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరే పని కావాలి. ఇంట్లో తండ్రీ, అన్నదమ్ములూ చేస్తున్న ఇంజినీరింగ్ పని అలాంటిదిగా కనిపించింది.

ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను. మన దేశపు తొలి మహిళా ఇంజినీరు అంటే ఏదో రికార్డు కోసం, మగవాళ్లకు సవాలుగా వెళ్లిందనుకుంటాం. ఆమె చూసుకున్నది పని గంటలు! మనం బస్సు టైము, బడి గంట, పాలప్యాకెట్టు వచ్చే వేళ చూసుకుని లెక్క వేసుకున్నట్టే ఆమే వేసుకుంది. ఆ లెక్క ఆమెను ఏ ఆడపిల్లా అడుగు పెట్టని చోటికి తీసుకెళ్లింది.

గిండీ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలైంది. అంత పాత కాలేజీలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల లేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో, విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథం గారితో మాట్లాడారు. ఇద్దరూ సరేనన్నారు. లలిత ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో చేరింది.

కాలేజీ హాస్టల్లో ఉండాల్సి వచ్చింది. పాప తోడబుట్టినవాళ్ల ఇంట్లో ఉండేది. వారం చివర తల్లి వచ్చి చూసుకునేది. చదువులో ఇబ్బంది లేకపోయినా అన్ని వందల మంది మగపిల్లల మధ్య ఒక్కతే కావడంతో ఒంటరితనం వేధించింది. ఆ సంగతి గమనించిన తండ్రి, ఆడపిల్లలను కూడా చేర్చుకుంటామని కాలేజీ నుంచి ప్రకటన వెలువడేలా చూశారు. మరుసటి ఏడాది మరో ఇద్దరు సివిల్ ఇంజినీరింగులో చేరారు. ఒకరు లీలమ్మ జార్జి, ఇంకొకరు పి.కె. థ్రేస్యా. ఈ థ్రేస్యా గారే 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజినీరయ్యారు. ఒక తల్లి వేసుకున్న ఇంటి లెక్క ఎంత దూరం వెళ్లిందో చూడండి.

రెండో ప్రపంచ యుద్ధం మూలంగా చదువు కాలం కుదించారు. దాంతో ముగ్గురికీ ఒకేసారి పట్టాలు చేతికొచ్చాయి. మగవాళ్ల కోసమే అచ్చువేసిన పత్రాలవి. అందులో అతడు అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు మాటను కొట్టేసి, పక్కన ఆమె అని చేత్తో రాసి ఇచ్చారట!

కొలువున్న ఊళ్లో తోడబుట్టినవాళ్ల ఇల్లు

చదువయ్యాక బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ప్రాక్టికల్ ట్రైనింగ్ చేసింది. తరవాత ఉద్యోగం వెతుక్కుంది. ఇక్కడా మొదట పాపనే చూసుకుంది. సిమ్లాలో ఆమె సోదరుడి కాపురం ఉంది. అక్కడి సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజినీరింగ్ అసిస్టెంటుగా చేరింది. తాను ఆఫీసుకు వెళ్తే పాప దగ్గర అయినవాళ్లుంటారు. సిమ్లాలో ఉన్నప్పుడే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ వారి పరీక్షకూ కూర్చుంది.

1944 డిసెంబరులో ఆ ఉద్యోగం మానేసింది. తండ్రి పరిశోధనల్లో సాయం చేయడానికి మద్రాసు వెళ్లింది. కరెంటుతో మోగే జెలెక్ట్రోమోనియం అనే వాద్యం, పొగ రాని పొయ్యి, కరెంటుతో మంట పుట్టించే పరికరం, ఇలాంటివి సుబ్బారావు గారు తయారుచేశారు. మనసుకు నచ్చిన పనే. కానీ పెరిగే పిల్లకు ఖర్చులుంటాయి కదా. డబ్బు ఇబ్బందులు చూసుకుని, నాలుగేళ్లు తిరగకుండానే మళ్లీ బయటి ఉద్యోగానికి వెళ్లింది. మానేసిన ఉద్యోగం జీవితానికి ముగింపు కాదని, మళ్లీ తలుపు తట్టవచ్చని ఈ ముక్క నాకు చెబుతుంది.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరింది. కలకత్తానే ఎందుకు? ఆమె ఇంకో సోదరుడు అక్కడ స్థిరపడ్డాడు. మళ్లీ అదే లెక్క. పాప మేనమామ ఇంట్లో పెరిగింది. తల్లి పొద్దున ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం ఇంటికి వచ్చింది.

ఆ ఆఫీసులో ఆమె చేసిన పని చిన్నది కాదు. కరెంటును దూరాలకు మోసుకెళ్లే ట్రాన్స్‌మిషన్ లైన్లు డిజైన్ చేసింది. సబ్‌స్టేషన్ల లేఅవుట్లు, ప్రమాదం జరగకుండా ఆపే రక్షణ పరికరాల పనులు చూసింది. 1963లో నెహ్రూ గారు జాతికి అంకితం చేసిన భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో ఆమె చెయ్యి ఉంది. 1953లో లండన్ ఇంజినీర్ల సంస్థ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా ఎన్నుకుంది. 1966లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది.

1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో అప్పటికి అలాంటి మహిళల సంఘం లేదు. లలిత స్వంతంగానే వెళ్లింది. అప్పటికి కూతురికి పాతికేళ్లు దాటాయి. ఒకప్పుడు రాత్రిపూట ఇల్లు విడిచి వెళ్లాల్సిన పని వద్దనుకున్న తల్లి, కూతురు ఎదిగాక సముద్రాలు దాటింది. ఏ పని ఎప్పుడు చేయాలో ఆమెకు బాగా తెలుసనిపిస్తుంది. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సదస్సుకు మన దేశం తరఫు బాధ్యతలు ఆమే చూసింది.

సుమారు ముప్పై ఏళ్లు ఒకే చోట పనిచేసి 1977లో రిటైరయ్యింది. విశ్రాంతి ఎంతోకాలం దక్కలేదు. మెదడులో రక్తనాళం దెబ్బతిని 1979 అక్టోబరు 12న కన్నుమూసింది. అరవై ఏళ్లు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ కూతురు పెద్దయ్యాక తల్లి గురించి నలుగురికీ చెప్పబట్టే ఈ సంగతులన్నీ మనదాకా వచ్చాయి. పనికి వెళ్లే తల్లి పిల్లలు ఏమవుతారోనని బెంగపడేవాళ్లకు నేను ఈ ఒక్క మాటే చెబుతాను.

ఆ చేతులు ఎవరివి?

లలిత కథ చదివి మనమందరం ఉద్యోగాలకు వెళ్దాం అని నేను అనడం లేదు. ఆమెకు ఇంట్లో కూర్చునే వీలే లేదు, సంపాదించే భర్త లేడు. అదే ఆమెకు దొరికినవి చూస్తే, చదివించే తండ్రి, తలుపు తెరిచి ఉంచిన అన్నదమ్ములు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు. ముఖ్యంగా ఆ ఆడవాళ్లు. పాపకు అన్నం తినిపించింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఎవరో ఏ పుస్తకంలోనూ పెద్దగా ఉండదు. భాక్రా నంగల్ పేరు చెప్పేటప్పుడు ఆ వంటిళ్ల పేరు కూడా చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అందరికీ అలాంటి ఇళ్లు లేవు. కాబట్టే చట్టాలు వచ్చాయి. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 26 వారాలకు పెంచారు. యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. మా అమ్మాయికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు! తన ఆఫీసులో క్రెష్ ఎక్కడుందో ఎప్పుడూ అడగలేదట. మీ అమ్మాయిలను, కోడళ్లను కూడా అడగమనండి. అడగడంలో తప్పేముంది?

ఇక మా ఇంటి సంగతి. నేను చప్పున జవాబు చెప్పలేకపోయానన్నాను కదా. 1994లో నేనూ ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరుగా ఉండేదాన్ని. రెండో కాన్పయ్యాక మానేశాను. ఎవరూ బలవంతం చేయలేదు. పిల్లలకు పొద్దుగాల జడలేసి, సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి చదివించిన రోజులు నాకు తీపి గుర్తులే. కానీ పదేళ్లకు మళ్లీ ఉద్యోగం అడగబోతే, ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అని అడిగారు. దానికి నా దగ్గర మాట లేకపోయింది. ఆ ముల్లు ఇప్పటికీ ఉంది. అందుకని మానేయమని చెప్పలేను. మానేస్తే పాపం చేసినట్టని కూడా చెప్పలేను.

అసలు కారణం ఇంకొకటుంది. మానవద్దని చెబితే, మరి బాబును ఎవరు చూస్తారు? నేనే. ముప్పై ఏళ్ల తరవాత ఇప్పుడిప్పుడే నాకంటూ కాస్త పొద్దు దొరికింది. పొద్దున కోమటిచెరువు కట్ట మీద నలుగురు స్నేహితురాళ్లతో నడక, మధ్యాహ్నం ఒక పుస్తకం. అది వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. అమ్మమ్మ అయ్యుండి అలా అనుకోవచ్చా అని సిగ్గేసింది కూడా. లలిత కథలో నేను ఎప్పుడూ లలితనే చూసుకున్నాను. ఈసారి నా వంతుకొచ్చింది ఆ అన్నదమ్ముల ఇల్లు.

మర్నాడు పొద్దున మేము నలుగురం కూర్చున్నాం. అల్లుడిని కూడా ఆదివారం కదా అని పిలిపించాను. మానాలా వద్దా అన్న ప్రశ్న పక్కన పెట్టండి, లలిత అడుగుకున్న ప్రశ్నలు అడుగుదాం అన్నాను. ఏ పని? ఏ వేళల్లో? ఎక్కడ? ఎవరి చేతుల్లో?

మా అమ్మాయిది అమెరికా వాళ్ల వేళలతో నడిచే పని. రాత్రి పదకొండు దాటేది. అదే ఆఫీసులో పగటి పూట పనిచేసే ఇంకో జట్టు ఉంది. అందులోకి మారితే ప్రమోషను ఒకటి రెండేళ్లు వెనకపడుతుందట. కాసేపు ఊరుకుని, పడనీ అమ్మా, రాత్రి బాబు పక్కన ఉంటాను అంది. పొద్దున బాబుకు స్నానం, పాలు, తొమ్మిదింటి దాకా తనే చూస్తానని అల్లుడు అన్నాడు. నీ ఇష్టం అనే మాట ఆ రోజు ఆయన నోట రాలేదు. మొదటి ఆరు నెలలు నేను వాళ్ల దగ్గర ఉంటాను. సోమవారం పొద్దున బస్సెక్కి జూబ్లీ బస్‌స్టేషనులో దిగుతాను, శుక్రవారం సాయంత్రం సిద్దిపేటకు తిరిగొస్తాను. శని, ఆదివారాలు నావి. అవి ఎవరికీ ఇవ్వనని ముందే చెప్పేశాను. ఏడాది నిండాక క్రెష్ సంగతి చూసుకోవాలి. వియ్యపురాలు నెలకో వారం వస్తానంది. కుదరకపోతే మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటాం. అవసరమైతే కొన్నాళ్లు మానేస్తుంది, లేదా అల్లుడే మానేస్తాడు. అదీ అనుకున్నాం.

ఇక మిగిలింది మా ఆయన. వారంలో అయిదు రోజులు నేనుండను, అన్నం ఎలా అని అడిగారు. నిన్న సాయంత్రం వంటింట్లోకి పిలిచి కుక్కర్‌లో గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని పోయాలో, ఎన్ని విజిల్స్ రావాలో చూపించాను. బుద్ధిగా కాగితం మీద రాసుకున్నారు. మా అమ్మాయి ఊయల ఊపుతూ అది చూసి, చాన్నాళ్ల తరవాత పకపకా నవ్వింది.